అమ్మ లెక్కలో నా సంచులు

2024 జూలైలో మా కాలేజీలో వన మహోత్సవం జరిగింది. ఎన్.ఎస్.ఎస్. ప్రోగ్రాం ఆఫీసర్ని కాబట్టి ఆ పనంతా నా నెత్తిన పడింది. ముందురోజే గుంతలు తవ్వించాను. తవ్వించానంటే మా పిల్లల చేతే. వంద మంది ఆడపిల్లలు చున్నీలు నడుముకి బిగించి, వానకి మెత్తబడ్డ నేలని గడ్డపారలతో తవ్వుతుంటే చూడ్డానికి ముచ్చటేసింది. మర్నాడు ట్రాలీలో మొక్కలొచ్చాయి. అతిథులొచ్చారు, ఒక్కొక్కరూ ఒక్కో మొక్క పట్టుకుని ఫోటో దిగి వెళ్ళిపోయారు. మిగిలిన మొక్కలన్నీ పిల్లలే నాటారు. నీళ్ళు పోశారు. సాయంత్రానికి నేను రిపోర్టు రాసి, ఫోటోలు జతచేసి పైకి పంపేశాను.

ఆ రెండు రోజులూ రాని పిల్లల్లో ఒకమ్మాయి ఉంది. బి.ఏ. రెండో సంవత్సరం. పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి నుంచి బస్సులో వస్తుంది. మా గోడపత్రికకి కవితలు రాస్తుంది. అలాంటి పిల్ల ఎందుకు ఎగ్గొట్టిందో అర్థం కాక మూడో రోజు స్టాఫ్ రూముకి పిలిచాను. జ్వరమనో, ఇంట్లో పనుందనో చెప్తుందనుకున్నాను.

"ఆ మొక్కలు మా ఊరి నర్సరీలవే మేడం" అంది. "సంక్రాంతి సెలవులల్ల సంచులు నేనే నింపిన. ఎండాకాలమంత నీళ్ళు నేనే పెట్టిన. మల్ల గవే మొక్కలు నాటనీకి ఒట్టిగ రావాల్నా అనిపించింది."

నాకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు, చాలా కోపం వచ్చింది. "ఇది సేవ కదమ్మా, కూలిపని అనుకుంటే ఎట్లా?" అన్నాను. ఎన్.ఎస్.ఎస్. గురించి నేను ఏటా ఇచ్చే ఉపన్యాసం ఎలాగూ నోట్లోనే ఉంటుంది. 1969లో గాంధీజీ శతజయంతి ఏడాదిలో మొదలైంది, ఏడాదికి 120 గంటల సేవ, 'నా కోసం కాదు, నీ కోసం' అన్నది దాని నినాదం.

ఆ అమ్మాయి అంతా విని, "మా ఊర్ల ఇదే పనికి కూలి ఇస్తరు మేడం. నాకు గాదు, మా అమ్మకు" అంది.

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే అది నాకు తెలిసిన మాట. నలభై ఏళ్ళ కింద నేనే అనాల్సిన మాట.

మాది పాలమూరు జిల్లాలో వాన కోసం ఎదురుచూసే ఊరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, 1983లో, మా ఊరి చెరువు కింద సామాజిక వనాల పథకం కింద ఒక నర్సరీ పెట్టారు. ఆ కరువులో పొలం పనులు లేని ఆడవాళ్ళంతా అక్కడికే పోయేవాళ్ళు. ఎర్రమట్టి, ఇసుక, పెంట ఎరువు కలిపి జల్లెడ పట్టాలి. ఆ మట్టిని చేతివెడల్పు నల్ల పాలిథిన్ సంచుల్లో నింపి, బొటనవేళ్ళతో అదిమి, నేల మీద కొట్టి గట్టిపరిచి, వరసగా పేర్చాలి. సంచి వదులుగా ఉంటే నీళ్ళు పెట్టినప్పుడు మట్టి కుంగుతుంది, మరీ గట్టిగా ఉంటే వేరు దిగదు. అది చేతికి మాత్రమే తెలిసే పని. రోజు కూలి కాదు, నింపిన సంచుల లెక్కన ఇచ్చేవాళ్ళు. సాయంత్రం మేస్త్రీ వచ్చి వరసలు లెక్కపెట్టేవాడు. నొక్కి చూసి వదులుగా ఉన్న సంచుల్ని కాలితో తన్ని పక్కకు తోసేవాడు. వాటికి లెక్క లేదు.

బడి వదిలాక నేనూ వెళ్ళేదాన్ని. చిన్న చేతులు కాబట్టి సంచి మూతి తెరవడం నాకు సులువు. అమ్మ మట్టి కలిపి కుప్పేస్తే నేను నింపేదాన్ని. నా వరస, అమ్మ వరస అని వేరుగా ఉండేది కాదు. అన్నీ అమ్మ లెక్కలోకి పోయేవి. అమ్మ లెక్క మా నాయన పేరు మీద రాసుకునేవారు. డబ్బులిచ్చేనాడు నాయన పోయి వేలిముద్ర వేసి తెచ్చుకునేవాడు. ఒక్క ముద్ర కింద మా ముగ్గురి పని ఉండేది. నిజానికి ఇద్దరిదే, ఎందుకంటే నాయన ఒక్క సంచీ నింపలేదు.

నేను చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, స్త్రీల అదృశ్య శ్రమ గురించి వ్యాసాలు రాసి, సెమినార్లలో పత్రాలు చదివాను. ఇంటి చాకిరీకి విలువ కట్టాలని వాదించాను. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకి జీతానికి బదులు 'గౌరవ వేతనం', 'ప్రోత్సాహకం' అని పేర్లు పెట్టడంలో ఉన్న రాజకీయం గురించి మాట్లాడాను. అదే మనిషిని, వంద మంది ఆడపిల్లల చేత రెండు రోజులు గుంతలు తవ్వించి, సర్టిఫికెట్ ఇస్తాను పొమ్మన్నాను. 'సేవ' అన్న మాట మన మీద ఎట్లా వాడతారో అంత బాగా తెలిసినదాన్ని, నాకు అధికారం ఉన్నచోట నేనూ ఆ మాటే వాడాను.

ఆ అమ్మాయి కథ విడతలు విడతలుగా చెప్పింది. తన పేరు రాయొద్దంది, ఊరి పేరు కూడా. ఉపాధి హామీ కార్డులో వాళ్ళ నాన్న, అమ్మ, అన్న పేర్లున్నాయి. ఆమెకు 18 నిండి రెండేళ్ళయినా పేరు ఎక్కించలేదు. 'పెండ్లి జేస్తే పోయే పిల్ల, మల్ల తీసేసుడెందుకు' అన్నారట. నర్సరీ పనికి అమ్మ పేరుంది. కానీ సంచులు నింపే రోజుల్లోనే పత్తి ఏరడానికి మనుషులు కావాలి, అక్కడ రోజుకి ఎక్కువ వస్తుంది. అందుకని అమ్మ పొద్దున ఫోటో వేళకు నర్సరీకి వచ్చి నిలబడి, పత్తిచేనుకి పోయేది. మధ్యాహ్నం ఫోటో వేళకు మళ్ళీ వచ్చేది. మధ్యలో పని కూతురిది. పనిచోట రోజుకి రెండుసార్లు ఫోన్ యాప్‌లో కూలీల ఫోటోలు ఎక్కించాలన్న నిబంధన 2023 జనవరి నుంచి దేశమంతా తప్పనిసరి అయింది. దొంగ హాజరుని పట్టుకోవడానికి పెట్టారు దాన్ని. ఇక్కడ పని దొంగది కాదు. సంచులు నిజం, మొక్కలు నిజం, వాటిని పెంచిన పిల్ల కూడా నిజం. కానీ ఏ ఫోటోలోనూ ఆ పిల్ల లేదు.

"నీ పేరు ఎక్కిద్దాం. 18 నిండిన వాళ్ళెవరైనా అడగొచ్చు, అది నీ హక్కు" అన్నాను. ఆమె ఉత్సాహపడలేదు. "అమ్మనడగాలె మేడం" అంది.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది, చూస్తే పెద్దదానిలా ఉంది. చాయ్ ఇచ్చి కూర్చుని, నేను చెప్పిందంతా ఓపికగా విని, "దాని పేరెక్కితే నా దినాలు తక్కువైతయ్ గద మేడం" అంది.

నేను చట్టం చదివినదాన్నే. కానీ ఆ వాక్యంలో ఉన్నది నేనెప్పుడూ చదవలేదు. 2005 చట్టం 100 రోజుల పని ఇస్తానన్నది మనిషికి కాదు, ఇంటికి. ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరున్నా అయిదుగురున్నా రోజులు అవే. కూతురి పేరు కొత్తగా ఎక్కితే ఆమె రోజులు అమ్మ రోజుల్లోంచే రావాలి. ఆ తల్లి కూతురికి హక్కు వద్దనలేదు. ఆ హక్కు ఎవరి వాటాలోంచి వస్తుందో చెప్పింది, అంతే. కుటుంబం ఒక్క యూనిట్ అని ప్రభుత్వం లెక్క వేసుకుంటే, దాని లోపల పంపకం ఆడవాళ్ళిద్దరి మధ్యే జరుగుతుందని మనం ఎన్నిసార్లు రాసుకోలేదు? ఆస్తి విషయంలో రాశాం, తిండి విషయంలో రాశాం. పని రోజుల విషయంలో నాకు తట్టలేదు.

అప్పుడైనా నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. నేను చదువుకున్నదాన్ని, అర్జీ రాయడం తెలిసినదాన్ని. ఆ అమ్మాయి చేత సంతకం పెట్టించి, పేరు చేర్చమని అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చాను. అందులో, 'ఈ అమ్మాయి ఇప్పటికే నర్సరీలో పనిచేస్తున్నది కాబట్టి' అని ఒక వాక్యం రాశాను. ఆమె పని చేయగలదని చెప్పడమే నా ఉద్దేశం. ఆ వాక్యమే పట్టుకున్నారు. కార్డులో పేరు లేని మనిషి ఎట్లా పని చేస్తున్నది, ఎవరి బదులు చేస్తున్నది అని విచారణ పెట్టారు. తేలేదాకా వాళ్ళమ్మకి రావాల్సిన ఒక వారం కూలి ఆపేశారు.

అమ్మాయి పది రోజులు కాలేజీకి రాలేదు. వచ్చాక నేను ఆ వారం డబ్బులు ఇవ్వబోయాను. పర్సులోంచి తీశాను కూడా. "వద్దు మేడం, మీరిస్తె అది కూలి కాదు గద" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ వారం కూలి వాళ్ళమ్మకి ఇవాళ్టికీ రాలేదు.

చట్టంలో ఆలస్యానికి నష్టపరిహారం ఉంది. 15 రోజులు దాటితే, రావాల్సిన కూలి మీద రోజుకి 0.05 శాతం. 300 రూపాయల మీద రోజుకి 15 పైసలు. నా డిగ్రీ పిల్లలతో ఈ లెక్క బోర్డు మీద చేయించాను. 15 పైసలు అని రాగానే లెక్క తప్పయిందనుకుని మళ్ళీ చేశారు.

నాకు కుదురు లేక చదవడం మొదలుపెట్టాను. మనకి బాధ కలిగితే చేసే పని అదేగా. చదువుతుంటే ఒక తీర్పు దొరికింది. నేను అమ్మతో సంచులు నింపిన 1983లోనే వచ్చింది. రాజస్థాన్‌లో కరువు పనుల కింద మదన్‌గంజ్ నుంచి హర్మాడాకి రోడ్డు వేస్తున్నారు. పనిలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, దళితులు. అప్పుడక్కడ కనీస వేతనం రోజుకి 7 రూపాయలు. కూలీలని గుంపులుగా చేసి, గుంపు మొత్తం చేసిన పనిని కొలిచి, దాని ప్రకారం పంచేవారు. దాంతో ఎంతోమందికి 7 రూపాయలు పడేది కాదు. తిలోనియాలో పనిచేసే బంకర్ రాయ్, సంజిత్ రాయ్ అన్న అసలు పేరుతో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కరువు సాయం కదా, కనీస వేతనం చట్టం వర్తించదని ప్రభుత్వం వాదించింది. అందుకోసం 1964లో చేసిన ఒక రాష్ట్ర చట్టాన్నీ చూపించింది. జస్టిస్ భగవతి ఆ వాదన ఒప్పుకోలేదు. కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని, సాయం పేరుతో ప్రభుత్వం మనుషుల నిస్సహాయతని వాడుకోకూడదని ఆ తీర్పు సారాంశం.

వెట్టి! తెలంగాణలో పుట్టిన మనకి ఆ మాట అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మ నింపిన సంచుల్ని మేస్త్రీ కాలితో తన్నిన ఏడాదే ఢిల్లీలో ఆ మాట రాశారని తెలిసి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను.

ఆ తీర్పు వచ్చిన 22 ఏళ్ళకి ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే కూలి అన్నది, అది చిన్న విషయం కాదు. మన రెండు రాష్ట్రాల్లో ఆ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్ళవే అయ్యాయి. కానీ ఆ చట్టంలోనే ఆరో సెక్షన్, కనీస వేతనాల చట్టంతో నిమిత్తం లేకుండా కేంద్రం కూలి రేటు పెట్టుకోవచ్చంది. 2009 జనవరిలో కేంద్రం అట్లాగే రేటు కట్టేసింది. దాన్ని అదే ఏడాది మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు నిలిపివేసింది. 2011లో కర్ణాటక హైకోర్టు కనీస వేతనం ఇవ్వాల్సిందేనంది. కేంద్రం రేట్లని ధరల సూచికి ముడిపెట్టింది గానీ కనీస వేతనానికి ముడిపెట్టలేదు. 2019లో కేంద్రమే వేసిన అనూప్ సత్పతి సంఘం దేశమంతటికీ రోజుకి 375 రూపాయలు కనీసం ఉండాలని, 2018 ధరల మీద లెక్కకట్టి చెప్పింది. తెలంగాణకి ఉపాధి కూలి 2024-25లో 300. ఆ మర్నాటి ఏడాది 307. అదీ కొలత ప్రకారం పని తేలితేనే.

వేరే దేశాల్లో పిల్లలకి ఏమిచ్చారని కూడా చూశాను. 1933లో అమెరికాలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం, నిరుద్యోగ యువకుల చేత అడవులు పెంచడానికి ఒక దళం పెట్టింది. 1942 దాకా నడిచింది. నెలకి 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి పోయేవి. ఆ దళంలోకి ఆడపిల్లల్ని తీసుకోలేదు. ఎలియనార్ రూజ్‌వెల్ట్ పట్టుబడితే వాళ్ళకి వేరే శిబిరాలు పెట్టారు. వాటిలో చేరింది ఎనిమిదిన్నర వేల మంది మాత్రమే, అబ్బాయిలు సుమారు 30 లక్షల మంది. అమ్మాయిలకి ఆ 30 డాలర్ల జీతమూ లేదు. పత్రికలు ఆ శిబిరాల్ని 'షీ-షీ-షీ' అని ఎగతాళి చేశాయి. 2014లో ఆస్ట్రేలియా 'గ్రీన్ ఆర్మీ' అని పెట్టి 17 నుంచి 24 ఏళ్ళ వాళ్ళ చేత మొక్కలు నాటించింది. వాళ్ళని చట్టప్రకారం ఉద్యోగులు కారంది. ఇచ్చింది జీతం కాదు, భత్యం. పెద్దవాళ్ళకి అక్కడుండే కనీస వేతనం కన్నా అది తక్కువ. కొన్నేళ్ళకే దాన్ని ఎత్తేశారు. ఈ రెండు చోట్లా చెప్పిన కారణం ఒక్కటే. వాళ్ళు చిన్నవాళ్ళు, నేర్చుకుంటున్నారు, ప్రకృతి కోసం చేస్తున్నారు. చిన్నవాళ్ళకి ఆకలి తక్కువా? పెద్దవాళ్ళు కొట్టేసిన అడవికి బాకీ తీర్చే పని పిల్లలది ఎప్పుడైంది?

ఇంకొకమ్మాయి గురించి చెప్పాలి. అదే ఊరికి పంచాయతీ కార్యదర్శి మా కాలేజీ పూర్వ విద్యార్థిని. విచారణ గొడవలో ఆమె మీద నాకు కోపం వచ్చి వెళ్ళి అడిగాను. ఆమె నన్ను కూర్చోబెట్టి తన కథ చెప్పింది. 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరూరా నర్సరీ ఉండాలంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. బతక్కపోతే సర్పంచి, కార్యదర్శి మీద చర్య. ఆ చట్టం వెనకే జూనియర్ పంచాయతీ కార్యదర్శులని 9,355 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు. 2019లో చేరినప్పుడు నెలకి 15,000. చేసే పని మామూలు కార్యదర్శిదే, పేరులో 'జూనియర్', మూడేళ్ళ ప్రొబేషన్. దాన్ని నాలుగేళ్ళకి పొడిగించారు. 2021లో జీతం 28,719 అయింది. రెగ్యులర్ చేయమని 2023 వేసవిలో వాళ్ళు సమ్మె చేశారు.

"మొక్క ఎండితె మెమో నాకొస్తది మేడం. ట్యాంకరుకు డీజిల్ పైసలు రాకుంటె నా జేబుల కెల్లి పోసిన దినాలున్నయ్. పొద్దున ఆరింటికి ఫోటో పెట్టాలె. నాకప్పుడు ఏడాది బాబు. మొక్కకు నీళ్ళు పట్టినవా అని అడిగేటోళ్ళే, పిల్లగానికి పాలు పట్టినవా అని అడిగినోళ్ళు లేరు" అంది. ఆ పిల్ల నర్సరీలో పని చేస్తోందని తనకి తెలుసట. "దాని చేతుల మొక్క సావదు మేడం. అందుకే ఊకున్న" అంది.

నేను ఎవరి మీద కోపంతో వెళ్ళానో ఆమె కూడా అదే వరసలో నిలబడి ఉంది. సంచి నింపే పిల్ల, ఆ సంచుల్ని లెక్కపెట్టే పిల్ల, నాటించడానికి నేను తోలుకెళ్ళిన వంద మంది పిల్లలు. ఆ ట్రాలీలో వచ్చిన ప్రతి మొక్క వెనకా ఇరవై ముప్పై ఏళ్ళ లోపు ఆడపిల్లల చేతులే ఉన్నాయి. సగం కూలి, ఎవరి పేరునో కూలి, అసలు లేని కూలి. మొక్కకి మాత్రం ప్రతిదానికీ లెక్క ఉంది. ఎన్ని నాటారు, ఎన్ని బతికాయి, ఎంత ఎత్తు పెరిగాయి.

'పర్యావరణం' అనగానే మన రచయిత్రులం నేల తల్లి, చెట్టు తల్లి అని రాస్తాం. నేనూ రాశాను. స్త్రీకీ ప్రకృతికీ ఉన్న సంబంధం గురించి బోలెడు కవిత్వం ఉంది. ఆ సంబంధాన్ని ప్రభుత్వం మనకంటే ముందే కనిపెట్టింది. పెంచడం, నీళ్ళు పోయడం, సాకడం ఆడవాళ్ళకి సహజంగా వచ్చే పనులు కాబట్టి వాటికి నైపుణ్యం అక్కర్లేదని, నైపుణ్యం లేని పనికి ఇంతేనని రేటు కట్టింది. సంచి ఎంత గట్టిగా అదమాలో తొమ్మిదేళ్ళకే నేర్చుకున్నాను నేను. అది నైపుణ్యం కాదంటే ఎట్లా ఒప్పుకోను?

పోరాడగా పోరాడగా 2024 డిసెంబరులో ఆ అమ్మాయి పేరు కార్డు మీదికి ఎక్కింది. మేం ముగ్గురం, అంటే అమ్మాయి, కార్యదర్శి, నేను కలిసి తిరిగాం. ఈసారి అర్జీ కార్యదర్శే రాసింది. నా వాక్యాలు లేకుండా. రోజుల సంగతి తల్లీ కూతుళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. సంచులు నింపే రోజులు కూతురివి, ఎండాకాలం మట్టిపనులు తల్లివి. 2025 సంక్రాంతి సెలవుల్లో ఆమె మొదటిసారి ఫోటోలో నిలబడింది. ఆరు రోజులకి 1,290 రూపాయలు పడ్డాయి. రోజుకి 215. అప్పటి రేటు 300. కొలతలో తక్కువ తేలిందన్నారు. ఆమె పాస్‌బుక్ తెచ్చి నాకు చూపించింది. తక్కువ వచ్చిందని ఇద్దరం తిట్టుకున్నాం. తిట్టుకుంటూనే ఆ పాస్‌బుక్ మీద ఉన్న ఆమె పేరు చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

2025 వర్షాకాలంలో మళ్ళీ మొక్కలు నాటాలని సర్క్యులర్ వచ్చింది. గుంతలు తవ్వడానికి కూలి ఇచ్చేందుకు నిధులు కావాలని రాశాను. నిధులు లేవు, వలంటీర్లతో చేయించమని జవాబు. ఆ ఏడు నలభై మొక్కలే నాటాం. మా స్టాఫంతా చందా వేసుకుని, గుంతలకి ఇద్దరు కూలీలని పెట్టాం. పిల్లల్ని ఇష్టమున్న వాళ్ళే రండన్నాను. అరవై మంది వచ్చారు. ఆ అమ్మాయి కూడా. నాటేముందు ఒక సంచి చేతిలో పట్టుకుని, దీన్ని ఎట్లా నింపుతారో, దీనికి ఎంతిస్తారో మిగతా పిల్లలకి అయిదు నిమిషాలు చెప్పింది. మా రిపోర్టుల్లో అలాంటి విషయానికి గడి లేదు. 'ఇతర వివరాలు' అన్నచోట రాసి పంపాను. దాని గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

నేను చేసింది ఇంతే. నలభై మొక్కలు నాటితే పై అధికారులకి సంతోషం కలగలేదు. చందాతో కూలి ఇవ్వడం పరిష్కారమూ కాదు. ఆ అమ్మాయి నాతో అన్న మాట దానికీ వర్తిస్తుంది.

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. రోజుల్ని 125 చేసింది. విత్తే కాలంలో, కోత కాలంలో కలిపి 60 రోజులు పని ఆపవచ్చంది. ఖర్చులో రాష్ట్రాల వాటా పెంచింది. దాని మీద వాదనలు చాలా జరుగుతున్నాయి, జరగాలి కూడా. నేను ఆ చట్టంలో మొదట వెతికింది ఒకే ఒక్క మాట కోసం. పని హామీ మనిషికా, ఇంటికా? ఇంటికే. 125 రోజులైనా తల్లీ కూతుళ్ళు పంచుకోవాల్సిందే. యువతీ యువకులకి వాళ్ళ పేరు మీద, వాళ్ళ సొంత హక్కుగా పనిదినాలు, కనీస వేతనానికి తగ్గని కూలి. ఇవి రెండూ అడగడం పెద్ద కోరికేమీ కాదు. 1983లోనే సుప్రీంకోర్టు చెప్పిన దానికి ఒక మెట్టు పైన, అంతే. పర్యావరణం మీద, స్త్రీల మీద రాసే మనం ఆ మాటని మన వ్యాసాల్లోకి ఎందుకు తేలేదో ఆలోచించాలి. నేను తేలేదు. కారణం నాకు తెలుసు. నేను చాలా కాలంగా సంచి నింపే వైపు లేను.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు ఇదంతా అమ్మకి చెప్పాను. అమ్మకిప్పుడు డెబ్బై అయిదు దాటాయి. చూపు మందగించింది. ఎదురుగా ఉన్న తులసి కుండీలో మట్టి అదుముతూ వింది. చివర్న, "నర్సరీల నా సంచులకు లెక్క లేకుండె గదమ్మా" అన్నాను, ఎన్నేళ్ళనుంచో మనసులో ఉన్న మాట.

"ఎందుకు లేకుండె?" అంది అమ్మ. "వెయ్యిల మున్నూరు నీయి. మీ నాయనకు చెప్పలే గనీ నేను వేరె లెక్క పెట్టుకున్న. ఐదో తరగతి పుస్తకాలు గా పైసలతోనే కొన్న."

నలభై ఏళ్ళుగా అమ్మ ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.